నాలుగు గంటల అరుగు

నాలుగు కాగానే ఆ వీధిలో మగ్గాల చప్పుడు ఒక్కొక్కటే ఆగిపోతుంది. ఎవరూ గంట కొట్టరు. వీధి మొదట్లో రామలక్ష్మమ్మ బజ్జీల బండి మీద నూనె కాగిన వాసన ఇళ్ళలోకి వస్తుంది, అంతే. మగవాళ్ళు మగ్గం గుంతల్లోంచి పైకి లేచి నడుములు విరుచుకుంటారు. ఆడవాళ్ళు కొంగుతో మొహం తుడుచుకుంటూ బయటికొచ్చి అరుగుల మీద కూలబడతారు. కాసేపు ఎవరి నోటికీ తాళం ఉండదు. ధర్మవరం పట్టుచీరల సంగతి లోకమంతా చెప్పుకుంటుంది గానీ, ఆ చీరలు నేసేవాళ్ళు తమ సంగతులు చెప్పుకునేది ఆ కాస్త సేపే.

త్రివేణికి ఆ కాస్త సేపంటే ప్రాణం. ఎందుకో తెలియాలంటే ఆమె కూర్చునే చోటు తెలియాలి. ఆమె మొగుడు దేవేంద్ర నేసేవి ఒళ్ళు ఒక రంగు, అంచు ఇంకో రంగు ఉండే చీరలు. అలాంటి చీరకు ఒక మనిషి చేతులు చాలవు. నడుమ గుంతలో కూర్చుని, అడ్డపోగును మోసుకెళ్ళే నాడెల్లో చీర ఒంటి నాడెను దేవేంద్ర విసురుతాడు. అతనికి కుడిపక్కన, చెక్క పలక మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని, అంచు నాడెను త్రివేణి వేస్తుంది. అతను విసిరిన ప్రతిసారీ ఆమె వేయాలి. అతను ఆగితేనే ఆమె ఆగాలి. మంచినీళ్ళకు లేవాలన్నా మొగుడి మొహం చూడాలి. ఇంతా చేసి, ఈ చీర ఎవరు నేశారని ఎవరైనా అడిగితే దేవేంద్ర నేశాడనే చెబుతారు. త్రివేణి కూడా అలాగే చెప్పేది.

సోమవారం పొద్దున ఇద్దరూ ఆస్పత్రికి వెళ్ళారు. దేవేంద్రకు షుగరు ఉన్నట్టు తేలి కొన్నాళ్ళయింది. మాత్రలు మింగుతున్నాడు, మిగతా అన్నీ యథాప్రకారం తింటున్నాడు. డాక్టరమ్మ కాగితం మీంచి తలెత్తి, సాయంత్రం పూట ఏం తింటావని అడిగింది.

"బజ్జీలు మేడం. ఒగటో రెండో."

"నాలుగు మేడం," అంది త్రివేణి. "మిరపకాయవి."

దేవేంద్ర పెళ్ళాం వైపు కొరకొరా చూశాడు. డాక్టరమ్మ చాలానే చెప్పింది. నూనె సరుకు మానేయమంది. గంటకోసారి లేచి నాలుగడుగులు నడవమంది. అన్నం తగ్గించమంది. సాయంత్రం ఏదో ఒకటి నమలకపోతే తోచదంటే శనగలో, ఇంట్లో వేయించుకున్న పాప్‌కార్నో తినమంది. మనిషికి ఇన్ని మాటలు చెబితే, వాటిలో తేలికైనదొక్కటే గుర్తుంటుంది. ఆస్పత్రి మెట్లు దిగేసరికి వాళ్ళిద్దరికీ గుర్తున్నది పాప్‌కార్న్.

దారిలో ఉన్న పెద్ద కొట్లోకి త్రివేణి ఒక్కతే వెళ్ళింది. వేయించుకునే మొక్కజొన్న గింజలు ఒక మూల సంచిలో ఉన్నాయి. ఎదురుగా అరలో మాత్రం రంగురంగుల ప్యాకెట్లు తళతళలాడుతున్నాయి. ఒకదాని మీద టొమాటో మసాలా అని రాసి ఉంది. కింద 'నూనెలో వేయించలేదు' అని ఉంది. పక్కన పరుగెత్తుతున్న అమ్మాయి బొమ్మ. అంత సన్నగా ఉన్న పిల్ల తినేదంటే మంచిదే అయ్యుంటుందని త్రివేణి అనుకుంది. రెండు ప్యాకెట్లు తీసుకుంది.

ఆ సాయంత్రం అరుగు మీద చిన్న తిరణాలే జరిగింది. పక్కింటి లక్ష్మీదేవమ్మ తన బజ్జీ పక్కన పెట్టి మరీ ప్యాకెట్‌లో చెయ్యి పెట్టింది. ఆమె త్రివేణి కంటే పదేళ్ళు పెద్దది, వీధిలో ఎవరింట్లో ఏం ఉడికినా ముందు ఆమెకు తెలియాలి.

"ఏందిమే ఇవి, పేలాలా?"

"మొక్కజొన్నవి అక్కా. డాక్టరమ్మ చెప్పింది ఈయప్పకు."

"తొలి ఏకాదశికి మా అమ్మ వేయించేది గదా జొన్నపేలాలు," అన్నాడు దేవేంద్ర, ఒక పేలాన్ని వేళ్ళ మధ్య పట్టుకుని అనుమానంగా తిప్పి చూస్తూ. "వాటికి ఇంత సింగారం ల్యాకుండె."

నోట్లో వేసుకున్నాడు. ఇంకొకటి వేసుకున్నాడు. తరువాత గుప్పెడు తీశాడు. పుల్లగా, కారంగా, కాస్త తీపిగా కూడా ఉంది. ప్యాకెట్ అడుగున మిగిలిన ఎర్రటి పొడిని వేలితో అద్దుకుని నాకాడు. కొత్తొక వింత, పాతొక రోత. రామలక్ష్మమ్మ బండి వైపు ఆ పూట అతను తిరిగి కూడా చూడలేదు. త్రివేణికి ఎంత సంతోషమైందో చెప్పలేం. మొగుడి చేత మందు తాగించినంత గొప్పగా అనిపించింది. తనకు మాత్రం ఒక బజ్జీ తెచ్చుకుని, కాళ్ళు చాపుకుని, టీతో నెమ్మదిగా తిన్నది.

మర్నాడు నాలుగు గంటలకు నూనె వాసన వచ్చింది. త్రివేణి అలవాటు కొద్దీ నాడె కింద పెట్టి, లేవడానికి పలక మీద చెయ్యి ఆనించింది.

"యాడికే?" అన్నాడు దేవేంద్ర.

"నాలుగాయె గదప్పా."

"అయితే ఏం? ఇప్పుడు బజ్జీలు తినేకి పోవల్లనా ఏమన్నానా? ఆ ప్యాకెట్ ఈడికే తే. నూనె లేదు, కారేది లేదు. పొడిగా ఉంటాది. కూర్చున్నకాడే తింటా."

మగ్గం దగ్గర తినకూడదన్నది ఆ ఇంట్లోనే కాదు, ఆ వీధిలో ఏ ఇంట్లోనూ మీరని కట్టుబాటు. దేవేంద్ర నాయన బతికున్నప్పుడు మగ్గం ఉన్న గదిలో వక్కాకు కూడా నమలనిచ్చేవాడు కాదు. అయితే ఆ కట్టుబాటు నూనె కోసం పుట్టిందని దేవేంద్ర తేల్చేశాడు. నూనె లేనప్పుడు కట్టుబాటు ఎందుకు? మాట వినడానికి న్యాయంగానే ఉంది. ప్యాకెట్ మీద కూడా అలాగే రాసి ఉంది కదా. త్రివేణి ప్యాకెట్ తెచ్చి అతని ఎడమచేతి దగ్గర మేకుకు తగిలించింది. నాలుగు పేలాలు నోట్లో వేసుకుని, చెయ్యి పంచెకు తుడుచుకుని, అతను నాడె విసిరాడు.

"ఏసేయి," అన్నాడు.

ఆమె వేసింది.

"త్రివేణీ, రాలేదేమే?" బయటి నుంచి లక్ష్మీదేవమ్మ కేక.

"వస్తాండా అక్కా."

వెళ్ళలేదు. వీధిలో నవ్వులు వినిపిస్తున్నాయి. ఎవరి మీద నవ్వుతున్నారో తెలియలేదు. అలా నవ్వులు వినిపిస్తూ, సంగతి తెలియకుండా కూర్చోవడం త్రివేణికి కొత్త. ప్యాకెట్‌లోంచి ఒక పేలం తీసి నోట్లో వేసుకుంది. దాని పొట్టు పంటి సందులో ఇరుక్కుంది. ఇక ఆ తరువాత ముట్టలేదు.

ఆ మర్నాడూ అంతే. వేసవి గాలి పొడిగా వీస్తోంది. అలాంటి గాలికి పట్టుపోగులు ఊరికే తెగుతాయి. తెగినప్పుడల్లా దేవేంద్ర ముందుకు వంగి, రెండు కొసలూ వేళ్ళతో మెలిపెట్టి అతికి, అతికిన చోట నేతను ఒకసారి అరచేత్తో నిమిరి, మళ్ళీ మొదలుపెడతాడు. ఈ చీర ఒళ్ళు వెన్నరంగు, అంచు వంకాయరంగు. షావుకారు లక్ష్మీపతి ఏదో పెద్దింటి పెళ్ళికని చెప్పి, ఏరికోరి దేవేంద్రకే ఇచ్చిన పడుగు అది. సాయంత్రానికి అతను నేసినంత మేరా జానతో కొలిచి మురిసిపోయాడు.

"చూసినావా, బెత్తెడు ఎక్కువొచ్చింది. ఆ అరుగు మీద కూర్చుని ఇన్నాళ్ళూ ఎంత పోగొట్టుకుంటిమో."

త్రివేణి మోకాళ్ళు పట్టుకుని లేస్తోంది. ఎడమకాలు చాపుదామంటే వెంటనే చాపలేకపోయింది. ఆ బెత్తెడు నేత ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకు బాగానే తెలుసు. ఆమె కాళ్ళు చాపుకునే సమయమే అది, చీరగా మారి మగ్గం ముందు దుంగకు చుట్టుకుంది. పైగా ఈ పని చేసింది ఎవరో కాదు, తానే. ఎవరినైనా తిట్టుకుందామన్నా మనిషి దొరకలేదు. ఆరోగ్యం పేరు చెప్పి తన గోతిని తానే తవ్వుకుంది.

మర్నాడు ప్యాకెట్లు అయిపోయాయి. కొట్లో దొరకలేదని అబద్ధం చెప్పింది. దేవేంద్ర చొక్కా తొడుక్కుని బయల్దేరాడు. రోజూ నాలుగడుగులు నడవమంటే ఎండ అనీ, దుమ్ము అనీ వంకలు పెట్టిన మనిషి, ఆ పెద్ద కొట్టుదాకా నడిచి వెళ్ళి, చంకలో ప్యాకెట్ల దండతో తిరిగొచ్చాడు.

"దండిగా ఉండాయి గదే. నీకు కనపడకపాయెనా?" అన్నాడు.

మందు అన్నాక ఎక్కువ తింటే ఎక్కువ గుణం అనుకున్నాడో ఏమో, ఆ రోజు నుంచి మధ్యాహ్నం కూడా మొదలుపెట్టాడు.

"రవ్వంత సేపు లేద్దామప్పా," అంది త్రివేణి ఆ సాయంత్రం. "మోకాలు పట్టేసింది."

"మోకాలా, కతలు చెప్పుకునేకా?"

"కతలు చెప్పుకునేకే. చెప్పుకోగూడదా?"

ఆమె అంత సూటిగా అనేసరికి దేవేంద్ర నవ్వాడు. కోపగించుకున్నా బాగుండేది. "చీర అయిపోనీలే. అప్పుడు పొద్దంతా చెప్పుకుందువు," అని నాడె విసిరాడు. చీర అయిపోతే ఇంకో చీర వస్తుంది. అది ఇద్దరికీ తెలిసిన సంగతే. త్రివేణికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెండు చేతులూ పనిలో ఉండడంతో భుజానికి తుడుచుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం లక్ష్మీపతి వచ్చాడు. వారానికోసారి తన పడుగులున్న ఇళ్ళన్నీ తిరిగి, పని ఎందాకా వచ్చిందో చూసిపోవడం అతని పద్ధతి. తెల్ల చొక్కా, మోచేతి దాకా మడిచిన చేతులు, మెత్తటి మాట. చెప్పులు గడప బయట విప్పి లోపలికి వచ్చాడు. నేత చూసి తల ఊపాడు. బుటా ఎలా పడిందో చూస్తానని, దుంగకు చుట్టిన చీరను వెనక్కి తిప్పమన్నాడు.

దేవేంద్ర తిప్పాడు. కొంత దూరం వెన్నలాగానే ఉంది. తరువాత మొదటి మరక కనిపించింది. ఒంటికి సరిగ్గా నడుమ, పేలాల పొడి రంగులో వేలి గుర్తు. దానికి జానెడు అవతల ఇంకొకటి. పోగు అతికి అరచేత్తో నిమిరిన చోట, పల్చగా, చెయ్యంత మేర ఇంకొకటి.

 లక్ష్మీపతి వేలితో తడిమి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. మేకుకు వేలాడుతున్న ప్యాకెట్ వైపు చూశాడు.

"మగ్గం మీద తింటాండారా?"

దొంగకు తేలు కుట్టినట్టయింది దేవేంద్రకు. ఎడమచెయ్యి మెల్లగా పంచె మడతలోకి పోయింది. త్రివేణి అతని మొహం చూసింది. చెప్తాడనే అనుకుంది.

"ఈమె తెచ్చిందన్నా," అన్నాడు దేవేంద్ర. "ఆరోగ్యమంట. డాక్టరమ్మ చెప్పిందని..."

అందులో ఒక్క మాట అబద్ధం లేదు. అందుకే త్రివేణికి కాదనడానికి వీల్లేకపోయింది. మరక పడింది చీర నడుమన. ఆమె చెయ్యి కుడి అంచు దాటి లోపలికి పోదు. ఇది చిన్నప్పటి నుంచీ మగ్గాల మధ్య తిరిగిన లక్ష్మీపతికి తెలియని విషయమా? తెలుసు. కానీ వెన్నరంగు మీద చెయ్యి ఆడే నేతగాడు వీధికొకడు కూడా ఉండడు. వాణ్ణి ఒక మాట అంటే, రేపు పక్క షావుకారు ఇంటి ముందు తేలతాడు. నేతగాడి పెళ్ళాన్ని అంటే ఎక్కడికి పోతుంది? అత్త మీద కోపం దుత్త మీద పడింది.

"ఏమ్మా, నీకు ఆ మాత్రం తెలీదా?" అన్నాడు లక్ష్మీపతి, గొంతు పెంచకుండానే. "పెళ్ళికూతురు కట్టే చీర ఇది. ఆయప్ప పనిలో ఉంటాడు, తినేది యాడ పెట్టల్లనో, పెట్టగూడదో చూసుకోవల్సింది ఆడదానివి నువ్వు గదా? దానికి గూడా నేనొచ్చి చెప్పల్లనా?"

త్రివేణి తలొంచుకుంది.  వంకాయరంగు అంచు మీద తన నాడె ఉంది. దాన్నే చూస్తూ కూర్చుంది.

"నూనె లేదని రాసి ఉండాదన్నా దాని మీద," అని దేవేంద్ర గొణిగాడు.

"రాసినోడు వచ్చి చీర కొంటాడా?" లక్ష్మీపతి లేచాడు. "పౌడరు వేసి చూడండి. పోయినంత పోనీ. మిగిలింది కుచ్చిళ్ళలోకి పోతే మన అదృష్టం. ఇంగో మాట. ఈ పొద్దు నుంచి ఈ మగ్గం మీద మెతుకు కనపడగూడదు. తినేదుంటే లేసి, బయటికి పోయి, కూర్చుని తిని, చేతులు సబ్బేసి కడుక్కుని వచ్చి నేయండి. ఇద్దరూను. అర్థమాయెనా అమ్మా?"

"ఆయెనన్నా," అంది త్రివేణి.

అతను వెళ్ళాక దేవేంద్ర మొహానికి పూసుకునే పౌడరు డబ్బా తెమ్మన్నాడు. ఆమె తెచ్చింది. ఇద్దరూ చీరకు అటొకరు ఇటొకరు వంగి, మరకల మీద పౌడరు చల్లి, మెత్తటి గుడ్డతో అద్దారు. మళ్ళీ చల్లారు, మళ్ళీ అద్దారు. వేలి గుర్తులు వెలిసిపోయాయి. అరచేతి మరక మాత్రం పసుపు నీడలా మిగిలిపోయింది.

"ఈ చెయ్యి నాది కాదప్పా," అంది త్రివేణి, తల ఎత్తకుండా.

"ఇప్పుడు ఎవరిదైతే ఏం? ముందు చీర బాగుపడల్ల."

ఆమె గుడ్డ దులిపి పక్కన పెట్టింది. షావుకారు తిట్టిన తిట్టు ఒక లెక్క కాదు. షావుకార్లు తిడతారు. కానీ పక్కన కూర్చున్న మనిషి చెయ్యి పంచెలోకి పోవడం ఆమె చూసింది. అది మరిచిపోదామన్నా పోవడం లేదు.

శనివారం నాలుగు గంటలకు నూనె వాసన వచ్చింది. దేవేంద్ర నాడె విసిరాడు. కుడివైపు నుంచి అంచు నాడె రాలేదు. తిరిగి చూస్తే త్రివేణి దాన్ని పక్కన పెట్టి, పలక పట్టుకుని లేస్తోంది.

"యాడికే?"

"షావుకారు చెప్పినాడు గదా, తినేదుంటే బయటికి పొమ్మని."

"నేనిప్పుడేం తినడంల్యా గదే."

"నేను తినల్ల," అంది త్రివేణి. చెంబుతో నీళ్ళు పోసుకుని సబ్బుతో చేతులు కడుక్కుంది. తొందరేమీ లేనట్టు గోళ్ళ సందులు కూడా తోముకుంది. బయటికి నడిచింది.

అరుగు మీద లక్ష్మీదేవమ్మ చోటిచ్చింది. ఎదురింటివాళ్ళు, ఆ పక్కింటివాళ్ళు అందరూ ఉన్నారు. రామలక్ష్మమ్మ బండి దగ్గర నుంచే కేకేసి బజ్జీ, టీ పంపింది. ఆ వీధిలో కబురు నడవడానికి పూట పట్టదు. నిన్నటి సంగతి అప్పటికే రెండు చుట్లు తిరిగొచ్చింది.

"ఏమే త్రివేణీ, పట్టుచీరకు మసాలా పూసినావంట?" అంది లక్ష్మీదేవమ్మ. అరుగంతా ఘొల్లున నవ్వింది. "ఇంగ ఆ పెండ్లికూతురు కట్టుకునేకి లేదు, తినల్సిందే!"

త్రివేణి కూడా నవ్వబోయింది. అప్పుడే గడపలో దేవేంద్ర కనిపించాడు. ఒక్కడే లోపల కూర్చుని ఏం చేయాలో తోచక బయటికొచ్చాడు. అందరూ నవ్వుతున్నారు కదా అని అతనూ నవ్వాడు. ఆ నవ్వు చూసేసరికి త్రివేణి మనసు చివుక్కుమంది. చేతిలోని బజ్జీ ఆకులో పెట్టేసింది.

దేవేంద్ర నిలబడే టీ తాగేశాడు. గ్లాసు గడప మీద పెట్టాడు.

"పదమే," అన్నాడు.

త్రివేణి కదల్లేదు.

"నిన్నే. పద, పని ఉండాది."

"నువ్వు పో అప్పా."

"నేనొక్కణ్ణే పోయి ఏం చెయ్యల్ల?"

ఆ మాట అరుగు మీద అందరూ విన్నారు. అన్న తరువాత అతనూ విన్నాడు. త్రివేణి టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, గొంతు పెంచకుండా అడిగింది.

"అంచు కాడ ఆడేది ఎవరి చెయ్యి, ఒంటి నడుమ ఆడేది ఎవరి చెయ్యి? అక్కావాళ్ళకు చెప్పు. మరక యాడ ఉండాదో అది గూడా చెప్పు. చెప్పినాక లేస్తా."

నవ్వులు ఆగిపోయాయి. అక్కడున్న ఆడవాళ్ళందరూ ఎవరో ఒకరి కుడిపక్కన కూర్చుని అంచు నాడె వేసేవాళ్ళే. వాళ్ళకు విడమరిచి చెప్పాల్సిన పని లేదు. లక్ష్మీదేవమ్మ దేవేంద్ర వైపు తిరిగింది. అతను వీధి చివరకు చూశాడు, బజ్జీల బండి వైపు చూశాడు, తన చేతుల్లోకి చూసుకున్నాడు. మింగలేడు, కక్కలేడు. లోపల మగ్గం ఆగిపోయి ఉంది.

"నాదిలే," అన్నాడు చివరికి.

"ఏందప్పా, ఇనపల్యా," అంది లక్ష్మీదేవమ్మ.

"మరక నాదేలే అక్కా. ఆయమ్మ ముట్టనే లేదు. తింటాండింది నేను. షావుకారు ముందర... నోరు రాల్యా."

 ఎదురింటామె తన పనేదో గుర్తొచ్చినట్టు లేచి లోపలికి వెళ్ళింది. ఆ మాట వింటే మనసు మీది బరువు దిగిపోతుందని త్రివేణి నిన్నటి నుంచి అనుకుంటోంది. కొంత దిగింది, కొంత అలాగే ఉంది. అయినా మొగుడు అంతమందిలో ఆ మాట అనడానికి ఎంత కష్టపడ్డాడో ఆమె చూసింది. జాలేసింది కూడా. జాలి వేరు, లేవడం వేరు.

"ఇంగ పదమే," అన్నాడు దేవేంద్ర మెత్తగా.

"టీ అయిపోనీ," అంది త్రివేణి.

 అతను పంచె సర్దుకుని అరుగు చివర కూర్చున్నాడు. త్రివేణి పట్టేసిన కాలు మెల్లగా చాపుకుని, టీ ఊదుకుంటూ, మొన్న తాను లోపల మగ్గం మీదుండగా అందరూ అంతగా నవ్వింది ఎవరి మీదో చెప్పమని లక్ష్మీదేవమ్మను అడిగింది.